దౌగవ ఒడ్డున ఊరెవరిది?

నదీ నగరాలు: 7వ భాగం

కిందటి భాగాన్ని ల్యూబెక్ రేవులో ఆపాం. ఈసారి అక్కడే ఓడెక్కి తూర్పుకు పోదాం. 12వ శతాబ్దం చివర్లో జర్మన్ వర్తకులు పట్టిన దారి ఇదే. నడుమ గోట్లండ్ దీవి ఒక మజిలీ. అది దాటాక సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఒక అఖాతం, అందులో కలిసే ఒక పెద్ద నది. రష్యాలోని వల్దాయ్ గుట్టల్లో పుట్టి, బెలారుస్ మీదుగా వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చే ఈ నదిని రష్యన్లు ద్వినా అంటారు, లాత్వియన్లు దౌగవ అంటారు. దీని వెంబడి ఎగువకు పోయి, కొంతదూరం పడవల్ని నేలమీద ఈడ్చుకుంటే ద్నీపర్ నది తగులుతుంది. అక్కణ్నించి నల్లసముద్రం, ఆపైన కాన్‌స్టాంటినోపుల్. ఉప్పూ బట్టలూ ఇచ్చి మైనం, బొచ్చు తోళ్లు పట్టుకుపోవచ్చు. వర్తకుడికి ఇంకేం కావాలి?

వర్తకుల వెనకాలే మతమూ దిగింది. 1180ల్లో మైన్‌హార్డ్ అనే సన్యాసి ఇక్కడి లీవ్ తెగవాళ్లతో ఒక బేరం పెట్టాడు. మీరు బాప్తిస్మం పుచ్చుకోండి, శత్రువులకు చెక్కుచెదరని రాతికోట నేను కట్టిస్తాను అన్నాడు. వాళ్లు సరేనన్నారు. గోట్లండ్ నుంచి రాతిపనివాళ్లు వచ్చి ఇక్ష్‌కిలె అనే ఊళ్లో చర్చీ కోటా కట్టారు. పని పూర్తికాగానే లీవ్‌లు మాట తప్పారు. తర్వాత వచ్చిన బిషప్పు బెర్టోల్డ్ బేరాలు మానేసి సైన్యాన్ని తెచ్చాడు, 1198లో యుద్ధంలోనే పోయాడు. సైన్యం మాత్రం గెలిచి, జనానికి బాప్తిస్మం ఇప్పించి ఓడలెక్కింది. ఓడలు కనుమరుగు కాగానే లీవ్‌లు దౌగవ నీళ్లు ఒంటిమీద గుమ్మరించుకుని, ఈ బాప్తిస్మాన్ని నదే మోసుకుపోయి జర్మన్లకు అప్పగిస్తుందన్నారు. అంతటితో ఆగలేదు. ఒక చెట్టు కొమ్మమీద చెక్కిన మనిషి తల కనబడితే అది జర్మన్ల దేవుడే అయ్యుంటుందని, తెప్పమీద పెట్టి గోట్లండ్ వైపు సాగనంపారు. ఈ సంగతులు రాసిపెట్టినవాడు హెన్రీ అనే మతబోధకుడు, అంటే గెలిచినవాళ్ల మనిషి. వెక్కిరింపుగానే రాశాడు గానీ, లీవ్‌ల మాటను మనదాకా తెచ్చింది ఆ లాటిన్ వృత్తాంతమే.

మూడో బిషప్పు ఆల్బర్ట్ గట్టివాడు. 1200లో 23 ఓడలతో నదిలోకి వచ్చాడు. మరుసటేడు, 1201లో, దౌగవలో కలిసే రీజెనె అనే చిన్న ఏటి పక్కన రీగా పట్నానికి పునాది వేశాడు. ఇక్ష్‌కిలె నదికి ఎగువన ఎక్కడో ఉంది, పెద్ద ఓడలు అక్కడికి పోలేవు. రీగాకు రాగలవు. ఏడాదికోసారి వచ్చి పోయే సైన్యాలతో లాభం లేదని గ్రహించి, 1202 నాటికి కత్తి పట్టిన సన్యాసుల దండును ఇక్కడే కాపురం పెట్టించారు. 1282లో ఊరు హాన్సా అనే వర్తక నగరాల కూటమిలో చేరింది. ఇక అక్కణ్నించి రీగా అంటే గోడ లోపల జర్మన్ పట్నం. చర్చి జర్మన్లది, గిల్డు జర్మన్లది, కోర్టులో మాట జర్మన్.

ఆ తర్వాతి రాజుల జాబితా చకచకా దాటేద్దాం. 1581లో పోలండ్ రాజు స్తెఫాన్ బాతొరీ ఏలుబడి. 1621లో స్వీడన్ రాజు గుస్తావస్ అడాల్ఫస్. ఒక దశలో స్వీడన్ రాజ్యంలో స్టాక్‌హోమ్ కంటే పెద్ద ఊరు రీగాయే. 1709 నవంబరులో రష్యా జార్ పీటర్ ఊరిని చుట్టుముట్టి, మొదటి మూడు ఫిరంగి గుండ్లు తన చేత్తోనే పేల్చాడు. ముట్టడికి ప్లేగు తోడై, 1710 వేసవిలో ఊరు లొంగిపోయింది. లొంగుబాటు షరతులు చూస్తే ఎవరు గెలిచారో అనుమానం వస్తుంది. జర్మన్ పెద్దల హక్కులు, వాళ్ల మతం, వాళ్ల భాష దేనికీ ఢోకా లేదని పీటర్ ఒప్పుకున్నాడు. సింహాసనాలు మారాయి, నగరపాలక మండలిలో కుర్చీలు మారలేదు.

సాధారణంగా రీగా చరిత్రను ఈ వరసలోనే చెబుతారు. సముద్రం మీద నుంచి ఎవరొచ్చారు, ఎవర్ని ఎవరు ఓడించారు అని. నాకైతే ఈ ఊరి కథ నది వైపు నుంచి చెబితేనే అర్థమవుతుందనిపిస్తుంది. ఊరికి అన్నం పెట్టింది నది. ఆ నదిమీద ఒళ్లొంచి పనిచేసినవాళ్లకు ఊళ్లో గజం జాగా లేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు ఆరువందల ఏళ్లు సాగింది.

నది పెట్టిన అన్నం

వసంతంలో మంచు కరిగి నది పొంగగానే ఎగువనున్న బెలారుస్ ప్రాంతాల నుంచి స్ట్రూగలు బయల్దేరేవి. ఇవి అడుగు చదునుగా ఉండే పొడవాటి చెక్క పడవలు. వాటినిండా అవిసె నార, హెంప్ నార, ధాన్యం. దారిలో రాళ్లూ సుడులూ ఉన్నాయి గనక పొంగు తగ్గకముందే దాటిపోవాలి. రీగా చేరాక ఆ పడవలు వెనక్కి పోలేవు, ఆ వడికి ఎదురెక్కడం ఎవరివల్లా కాదు. సరుకు దించేశాక పడవనే విప్పి కలప కింద అమ్మేసేవారు. ఏరు దాటి తెప్ప తగలేయడం మన సామెతలో కృతఘ్నత, ఇక్కడ మాత్రం మామూలు వ్యాపారం.

పడవల వెనక దుంగల తెప్పలు. వాటిలో అన్నిటికన్నా విలువైనవి తెరచాప కొయ్యలు. లోతట్టు అడవిలో పైన్ చెట్టు నరికిన రోజు నుంచి అది రీగా రేవు చేరేసరికి రెండేళ్లు పట్టిన సందర్భాలున్నాయి. బ్రిటన్, హాలండ్, ఫ్రాన్సు నౌకాదళాలన్నీ ఈ కొయ్యల కోసం పోటీపడేవి. ఒక్క ముడి చెడ్డదైనా తుపానులో కొయ్య విరుగుతుంది, ఓడ పోతుంది. అందుకని రేవులో ప్రతి కొయ్యనూ పరీక్షించి తరగతి కట్టే పని ఒకటుండేది. నగరపాలక మండలి ముందు ప్రమాణం చేసినవాళ్లే ఆ పనికి అర్హులు. కొయ్యను దొర్లించి చూడాలి, మొదలు చుట్టుకొలత తీయాలి, వంకర, ముడి, లోపలి పుచ్చు పసిగట్టాలి. పరీక్షకుడు వేసిన తరగతి మీదే లండన్‌లో ధర. ఈ పరీక్షకుల్లో ఎక్కువమంది లాత్వియన్లు. కొయ్య సంగతి వాళ్లకు తెలిసినట్టు జర్మన్ షావుకార్లకు తెలియదు.

నారకూ ఇలాగే తరగతులుండేవి. హెంప్‌లో మేలురకం రైన్, తర్వాతది ఔట్‌షాట్, ఆ తర్వాతది పాస్. బ్రిటిష్ నౌకాదళం తాళ్లు పేనింది ఎక్కువగా రష్యా సామ్రాజ్యపు రేవుల నుంచి వచ్చిన హెంప్‌తోనే, అందులో రీగా రైన్‌కు ప్రత్యేకమైన పేరు. ఈ కథకు మనవైపు ఒక పోగు తగులుతుంది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఆ నార ఆగిపోతుందేమోనని లండన్‌లో గాభరా పుట్టి, ఈస్టిండియా కంపెనీ చూపు మన జనుము మీద పడింది. సామర్లకోటలో మొక్కలు పెంచి, తర్వాత కలకత్తా తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ నారలన్నిటినీ కూడబెట్టి, ఏ నార ఎంత బరువు ఓపుతుందో పరీక్షలు చేశాడు. మన రైతు పచ్చిరొట్టగా దున్నేసే జనుము రీగా సరుకుతో పోటీకి నిలబడాల్సి వచ్చిందన్నమాట. యుద్ధం ముగిసి బాల్టిక్ దారి తెరుచుకోగానే ఆ ఉత్సాహమూ చల్లారింది.

స్వీడన్ కాలం నుంచి దౌగవ మీద పడవల వంతెన ఉండేది. వేసవిలో కట్టేవారు, చలికాలం మంచు రాకముందే విప్పేసేవారు. దానికి రెండు పక్కలా ఓడలు కట్టేసి ఉండేవి, కాబట్టి అది వంతెనా రేవూ బజారూ అన్నీనూ. దానిమీద బరువులు మోసే హమాలీలు, ఉప్పు మోసేవాళ్లు, బీరు పీపాలు మోసేవాళ్లు, నార కట్టలు కట్టేవాళ్లు, నదీముఖంలో ఓడలకు దారి చూపేవాళ్లు, వీళ్లలో ఎక్కువమంది లాత్వియన్లే. ఏ పనివాళ్లకు ఆ సంఘం వేరే ఉండేది. జర్మన్ల రికార్డుల్లో వీళ్లందరికీ కలిపి ఒకే పేరు, ‘జర్మన్లు కానివాళ్లు’. పెద్ద గిల్డుల్లో చోటు లేదు, పట్నంలో ఇల్లూ స్థలమూ కొనుక్కోవడానికి ఆంక్షలు. వాళ్ల దేవుడొకడు మాత్రం నది గట్టున ఉండేవాడు. భుజాన పిల్లాణ్ని మోస్తూ నది దాటించే పెద్ద క్రిస్టఫర్, 17వ శతాబ్దపు చెక్కబొమ్మ. పడవవాళ్లూ హమాలీలూ మొక్కుకునేది ఆయనకే. అసలు బొమ్మ ఇప్పుడు మ్యూజియంలో ఉంది, నకలు గట్టుమీద గాజుపెట్టెలో నిలబడింది.

గోడను కోర్టులో గుద్దినవాడు ఒకడున్నాడు. యానిస్ ష్టెయిన్‌హౌర్స్, 1705లో పుట్టి 1779లో పోయాడు. లాత్వియన్. తెరచాప కొయ్యలు పరీక్షించే పనిలోంచి వ్యాపారంలోకి దిగి, మిల్లులూ భూములూ సంపాదించాడు. డబ్బుంది, పరపతి ఉంది, పౌరుడి హక్కు లేదు. నగరపాలక మండలి మీద వ్యాజ్యం వేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా లాగాడు. ఆ ఒక్క దావాతో గోడ కూలలేదు గానీ, ఊరి చరిత్రలో బిషప్పు ఆల్బర్ట్ పక్కన రాయాల్సిన పేరు ఇదేనని నా అభిప్రాయం. ఆయన ముసలితనంలో, 1764 నుంచి 1769 వరకు, హెర్డర్ అనే కుర్ర జర్మన్ పంతులు రీగా చర్చి బడిలో పాఠాలు చెప్పాడు. తర్వాత హెర్డర్ వేసిన జానపద గీతాల సంపుటాల్లో లాత్వియన్ పాటలూ ఉన్నాయి. హమాలీల భాషలో కూడా సాహిత్యం ఉందని యూరప్ చదువరులకు తెలిసిన తొలి సందర్భాల్లో అదొకటి.

గోడ పడ్డాక

1857లో గోడల్ని కూలగొట్టడం మొదలుపెట్టారు. ఫిరంగుల కాలంలో వాటితో ఉపయోగం లేదు, ఊపిరాడక ఊరు అవస్థపడుతోంది. గోడలున్నచోట తోటలూ విశాలమైన వీధులూ వచ్చాయి. ఊరికి పేరిచ్చిందంటున్న రీజెనె ఏరు అప్పటికే మురుక్కాలవ అయిపోయింది, దాన్నీ పూడ్చేశారు. 1861లో ద్యూనాబుర్గ్‌కు (ఇప్పటి దౌగవ్‌పిల్స్) రైలు పడింది. 1872లో దౌగవ మీద ఇనుప వంతెన లేచింది. స్ట్రూగలు మోసిన సరుకును రైలు లాక్కుంది.

జనం కుప్పతెప్పలుగా వచ్చిపడ్డారు. 1867లో ఊరి జనాభా లక్ష చిల్లర. 1897కి 2 లక్షల 80 వేలు. 1913లో 5 లక్షలు దాటింది. లెక్క పెరగడం సరే, అందులో వాటాలు మారడమే అసలు సంగతి. 1867లో జర్మన్లు నూటికి 43 మంది, లాత్వియన్లు పాతికమంది కూడా లేరు. ముప్పై ఏళ్లలో ఇది తిరగబడి లాత్వియన్లు అందరికన్నా ఎక్కువయ్యారు. పల్లెల్లో దాస్యం పోయి, బతుకుతెరువు కోసం పట్నం చేరినవాళ్లు వీళ్లు. 1868లో రీగా లాత్వియన్ సంఘం పెట్టుకున్నారు. 1873లో దేశం నలుమూలల నుంచి సుమారు వెయ్యిమంది గాయకుల్ని రప్పించి మొదటి పాటల పండుగ చేశారు.

ఆ శతాబ్దం చివర్లో జార్ ప్రభుత్వం నగర పాలనలో జర్మన్ తీసేసి రష్యన్ పెట్టింది. ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడు కట్టిన ఇళ్లనే ఇప్పుడు పర్యాటకులు మెడలు వెనక్కి వాల్చి చూస్తున్నారు. ఆర్ట్ నూవో భవనాలు నగరం నడిబొడ్డులో దాదాపు మూడోవంతు. అల్బర్ట వీధిలో మిఖాయిల్ ఐజెన్‌స్టైన్ గీసిన ఇళ్లమీద నోరు తెరిచి అరుస్తున్న ముఖాలు, సింహాలు, నెమళ్లు. ఈయన కొడుకే సినిమా దర్శకుడు సెర్గేయ్ ఐజెన్‌స్టైన్, 1898లో ఇక్కడే పుట్టాడు. తండ్రి అలంకారాలను కొడుకు జీవితాంతం వెటకారం చేశాడు. అదే వీధిలో పెరిగిన ఇంకో పిల్లాడు తత్వవేత్త అయిసాయా బెర్లిన్, తండ్రి కలప వర్తకుడు. లాత్వియన్ వాస్తుశిల్పులు పేక్షేన్స్, లౌబె అప్పటికే పల్లె ఇళ్ల పోకడలను అయిదంతస్తుల భవనాల్లోకి తెస్తున్నారు. నగరానికి మేయరు జార్జి ఆర్మిట్‌స్టెడ్ (1901-1912), యార్క్‌షైర్ నుంచి వ్యాపారానికి వచ్చి స్థిరపడిన కుటుంబం. జర్మన్లూ రష్యన్లూ లాత్వియన్లూ ఒకరినొకరు నమ్మని ఊళ్లో ఇంగ్లిషు వంశస్థుడు అందరికీ ఆమోదయోగ్యుడయ్యాడు.

ఈ మెరుపుల కింద 1905 ఉంది. పాత క్యాలెండరు ప్రకారం జనవరి 13న కార్మికులు ఊరేగింపుగా ఇనుప వంతెన దగ్గరికి వస్తే సైనికులు కాల్చారు. జనం గడ్డకట్టిన నదిమీదికి పరుగెత్తారు, మంచు పగిలి కొందరు నీళ్లలో పడిపోయారు. చనిపోయినవారు డెబ్బైమందికి పైనే.

ఒకే దిమ్మె

1910లో, రీగా లొంగిపోయి 200 ఏళ్లయిన సందర్భంగా, ఊరి నడుమ పీటర్ గుర్రపు విగ్రహం పెట్టారు. జార్ నికొలస్ స్వయంగా వచ్చి ఆవిష్కరించాడు. అయిదేళ్లకే జర్మన్ సేనలు దగ్గరపడుతుంటే విగ్రహాన్ని విప్పి ఓడెక్కించారు. ఎస్తోనియా తీరం దగ్గర జర్మన్లు ఆ ఓడను ముంచేశారు. 1930ల్లో ఎస్తోనియావాళ్లు ముక్కల్ని వెలికితీసి రీగాకు అమ్మారు. ఈలోగా అదే స్థలంలో, జనం చందాలతో, లాత్వియన్లు తమ స్వేచ్ఛా స్తంభం లేపారు. శిల్పి కార్లిస్ జాలె, ఎత్తు 42 మీటర్లు, పైన మూడు నక్షత్రాలు పట్టుకున్న రాగి యువతి. 1935 నవంబరు 18న ఆవిష్కరణ. పీటర్‌కు కూర్చునే చోటు మళ్లీ దొరకలేదు. 2001లో ఊరి 800 ఏళ్ల పండుగకు అతికించి తెచ్చి చూపెడితే గొడవై, కొద్దిరోజుల్లోనే తీసేయాల్సి వచ్చింది.

ఆ స్తంభం ముందు నుంచి పోయే వీధి కథ ఇంకా బాగుంటుంది. జార్ల కాలంలో అలెగ్జాండర్ వీధి. స్వతంత్ర లాత్వియాలో స్వేచ్ఛా వీధి. సోవియట్లు వచ్చాక లెనిన్ వీధి. నాజీలు వచ్చాక హిట్లర్ వీధి. మళ్లీ లెనిన్, మళ్లీ స్వేచ్ఛ. ఇల్లు మారకుండానే ఆరు చిరునామాలు చూసిన ముసలివాళ్లు ఉండే ఉంటారు.

కథలో కాస్త ముందుకు పోయాను. 1915లో ఫ్యాక్టరీలను యంత్రాలతో, కార్మికులతో సహా రష్యా లోపలికి తరలించేశారు. రష్యాలో తొలినాళ్ల కార్ల కంపెనీల్లో ఒకటైన రుసో-బాల్ట్, టైర్ల కంపెనీ ప్రొవొద్నిక్ అలా పోయినవే, తిరిగి రాలేదు. 1917 సెప్టెంబరులో జర్మన్లు నది దాటింది మైన్‌హార్డ్ చర్చి కట్టిన ఇక్ష్‌కిలె దగ్గరే. 1918 నవంబరు 18న నగర నాటకశాలలో లాత్వియా స్వాతంత్ర్య ప్రకటన. 1919 జనవరిలో బోల్షెవిక్కులు, మే నెలలో జర్మన్ దండు, అక్టోబరులో బెర్మాంట్ అనే సాహసికుడి సేన. ఈ చివరివాడు ఎడమగట్టంతా పట్టుకున్నాడు. లాత్వియన్ సైన్యం కుడిగట్టున నిలబడి వంతెనల దగ్గర నెలరోజులు ఆపి, నవంబరు 11న వెళ్లగొట్టింది. ఏటా ఆ రోజు రాత్రి జనం రీగా కోట గోడ కింద దీపాలు పెడతారు. 1920లో లెక్క చూస్తే ఊళ్లో మిగిలింది రెండు లక్షల లోపు.

స్వతంత్ర రాజధానిగా రీగా చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది బజారు. 16వ శతాబ్దం నుంచి దౌగవ గట్టుమీద సాగుతున్న సంతను 1930 నవంబరులో లోపలికి మార్చారు. యుద్ధంలో జర్మన్లు వైనోదె అనే చోట జెప్లిన్ గాలిఓడలకు కట్టిన షెడ్ల పై భాగాలను తెచ్చి, ఇటుక గోడలమీద నిలిపి, అయిదు మండపాలు చేశారు. బాంబులు వేసే గాలిఓడ నిలిచే కమాను కింద ఇప్పుడు పులియబెట్టిన క్యాబేజీ పీపాలు, నల్లటి రై రొట్టెలు, పొగబెట్టిన చేపలు. చేపల మండపంలో పాములాగా సన్నగా ఉండే లాంప్రేలను కాల్చి, వాటి రసంలోనే గడ్డకట్టించి అమ్ముతారు. రీగావాళ్లకు అది ప్రాణం. సరుకంతా నిలవుండేది కింద, నేలమాళిగల్లో.

ఖాళీ అయిన ఇళ్లు

1935లో ఊళ్లో లాత్వియన్లు నూటికి 63 మంది. జర్మన్లు పదో వంతు, యూదులు 43 వేలకు పైన, మిగతావాళ్లు రష్యన్లు, పోల్‌లు. ఊరు ఇక లాత్వియన్లదే అనుకున్నారు. ఏడేళ్లు తిరక్కుండా వేలాది ఇళ్లు ఖాళీ.

మొదట జర్మన్లు. స్టాలిన్‌తో ఒప్పందం చేసుకున్న హిట్లర్ 1939లో పిలవగానే లాత్వియా నుంచి 50 వేలమంది ఓడలెక్కారు. ఏడువందల ఏళ్లు యజమానులుగా ఉన్న జనం కొన్ని వారాల్లో సామాను సర్దుకుని, కుక్కల్నీ పిల్లుల్నీ వదిలి వెళ్లిపోయారు. 1940 జూన్ 17న సోవియట్ ట్యాంకులొచ్చాయి. 1941 జూన్ 14 రాత్రి లాత్వియా అంతటా 15 వేలమందిని పశువుల వ్యాగన్లలో సైబీరియాకు పంపారు. రెండు వారాలకు నాజీలొచ్చారు. జులై 4న పెద్ద యూదు ప్రార్థనాలయం తగలబడింది. నగరానికి తూర్పున, రేవు కూలీలూ పాత పద్ధతి క్రైస్తవ రష్యన్లూ ఉండే మాస్కో పేటలో ముళ్లకంచె వేసి, గెట్టో చేసి యూదుల్ని కుక్కారు. నవంబరు 30న, డిసెంబరు 8న, ఆ రెండు రోజుల్లో రుంబుల అడవికి నడిపించి సుమారు 25 వేలమందిని కాల్చి చంపారు. బెర్లిన్ నుంచి పారిపోయి రీగాను నమ్ముకుని వచ్చిన యూదు చరిత్రకారుడు సిమోన్ దుబ్నోవ్ ఆ డిసెంబరులోనే హతుడయ్యాడు. ఈ హత్యల్లో విక్తోర్స్ అరాయ్స్ నడిపిన లాత్వియన్ దళానికీ వాటా ఉంది. ఊరిని బాధితురాలిగా మాత్రమే చూపించే పుస్తకాలు ఈ పేజీని తొందరగా తిప్పేస్తాయి.

నది మధ్యలో కీప్‌సల అనే లంక ఉంది. జాలర్లూ ఓడకూలీలూ ఉండే చెక్క ఇళ్లు. అక్కడ జానిస్ లిప్కె అనే రేవు కూలీ, జర్మన్ వైమానిక దళపు గోదాములో పనిచేస్తూ, కూలిపనికని గెట్టో నుంచి యూదుల్ని బయటకు తెచ్చేవాడు. లెక్క తప్పించి కొందర్ని దాచేసేవాడు. తన కొట్టం కింద మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున గొయ్యి తవ్వి, బల్లలు వేసి, పైన కట్టెలు పేర్చాడు. ఆయనా భార్య యొహన్నా, తోడు నిలిచిన స్నేహితులూ కలిసి యాభైమందికి పైగా కాపాడారు. యుద్ధమయ్యాక సోవియట్ పోలీసులు ఆయన్ను పిలిచి, ఇంతమందిని దాచినందుకు పుచ్చుకున్న బంగారం ఎక్కడని అడిగారట.

ఆనకట్టలు

1944 అక్టోబరులో సోవియట్లు తిరిగొచ్చారు. రేడియోలు, రైలు పెట్టెలు, టెలిఫోన్లు చేసే కర్మాగారాలు, వాటిల్లో పనికి రష్యా, బెలారుస్, ఉక్రెయిన్ల నుంచి జనం, వాళ్లకు శివార్లలో కాంక్రీటు ఇళ్లు. 1989 నాటికి జనాభా 9 లక్షలు దాటింది, లాత్వియన్లు నూటికి 36 మంది. ఇంట్లో లాత్వియన్, ట్రాములో రష్యన్.

కర్మాగారాలకు కరెంటు కావాలి. ప్లావిన్యస్ దగ్గర దౌగవకు అడ్డంగా పెద్ద ఆనకట్ట తలపెట్టినప్పుడు 1958లోనే రచయితలూ శాస్త్రవేత్తలూ అభ్యంతరం చెప్పారు, నోరు నొక్కేశారు. 1960ల మధ్యలో నీళ్లు నిండి స్తాబురాగ్స్ అనే సున్నపురాతి కొండ మునిగిపోయింది. ఎప్పుడూ నీళ్లు కారుతూ ఉండే ఆ బండ భర్త కోసం ఏడ్చే స్త్రీ అని పాటల్లో చెప్పుకునేవారు. 1974లో రీగా ఆనకట్ట వచ్చాక మైన్‌హార్డ్ చర్చి శిథిలాల చుట్టూ నీళ్లు చేరి అది దీవి అయింది.

1986లో దౌగవ్‌పిల్స్ దగ్గర ఇంకోటి కట్టబోయారు. ఆ అక్టోబరులో దైనిస్ ఈవాన్స్ అనే యువ పాత్రికేయుడు, ఆర్తూర్స్ స్నిప్స్ అనే ఇంజనీరు కలిసి ఒక సాహిత్య వారపత్రికలో ఈ ప్రాజెక్టు లెక్కలు ఎండగడుతూ వ్యాసం రాశారు. రాజకీయం ఊసు లేదు. ఎంత భూమి మునుగుతుంది, ఎంత కరెంటు వస్తుంది, ఖర్చెంత, అంతే. నది గురించి మాట్లాడటం నేరం కాదు గనక జనం దాన్ని పట్టుకున్నారు. వేల ఉత్తరాలు, వాటి కింద ముప్పైవేల పైచిలుకు సంతకాలు. 1987లో మాస్కో ప్రాజెక్టును రద్దు చేసింది. మాస్కో వెనక్కి తగ్గడం జనం చూసిన మొదటిసారి అది. అదే ఏడు, సైబీరియా తరలింపుల రోజైన జూన్ 14న, కొందరు ధైర్యం చేసి స్వేచ్ఛా స్తంభం దగ్గర పూలుంచారు. 1988లో ప్రజా కూటమి ఏర్పడితే దాని అధ్యక్షుడు ఈవాన్సే. 1991 జనవరిలో ప్రత్యేక పోలీసు దళాల నుంచి పార్లమెంటునూ రేడియోనూ కాపాడటానికి పల్లెల నుంచి ట్రాక్టర్లు, దుంగల లారీలు తోలుకొచ్చి పాతబస్తీ సందులన్నీ అడ్డుకట్టేశారు, చర్చి చౌకులో చలిమంటలు వేసుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది.

వచ్చాక పాత ప్రశ్న తలకిందులై ఎదురొచ్చింది. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లకు, వాళ్ల పిల్లలకు పౌరసత్వం దానంతటదే రాలేదు. 1990ల మధ్యలో అలాంటివాళ్లు లాత్వియాలో 7 లక్షలకు పైనే. భాషా పరీక్ష రాసి చాలామంది పౌరులయ్యారు, కొందరు రాయబోమన్నారు. ఒకప్పుడు ‘జర్మన్లు కానివాళ్లు’ అని రికార్డుకెక్కిన జనం ఇప్పుడు ‘పౌరులు కానివాళ్లు’ అని పాస్‌పోర్టు అచ్చువేస్తున్నారని రష్యన్లు దెప్పుతారు. యాభై ఏళ్ల ఆక్రమణ తర్వాత ఇంకేం చెయ్యమంటారని లాత్వియన్లు అడుగుతారు. నాకు రెండో మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది, అయినా మొదటిదాన్ని కొట్టిపారేయలేను. 2009లో రష్యన్ కుటుంబం నుంచి వచ్చిన నీల్స్ ఉషకోవ్స్ మేయరై పదేళ్లు ఏలాడు. 2012లో రష్యన్‌ను రెండో అధికార భాష చేయాలా అని ఓటు పెడితే నూటికి 75 మంది వద్దన్నారు. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, 2022 ఆగస్టులో ఎడమగట్టునున్న 79 మీటర్ల సోవియట్ విజయస్తంభాన్ని పడగొట్టి పక్కనున్న చెరువులో కూల్చారు.

అదే ఎడమగట్టున 2014లో జాతీయ గ్రంథాలయం కొత్త భవనం లేచింది. క్రిష్యానిస్ బరోన్స్ జీవితమంతా వెచ్చించి చీటీలమీద రాసి సర్దిన రెండు లక్షల పైచిలుకు జానపద గీతాల బీరువా ఇప్పుడు అందులోనే ఉంది. ఆ జనవరి చలిలో వేలమంది వంతెన పొడుగునా వరస కట్టి పాత గ్రంథాలయం పుస్తకాలను చేతులు మార్చుకుంటూ నది దాటించారు.

ఇప్పటి రీగా జనాభా సుమారు 6 లక్షలు, అందులో లాత్వియన్లు సగానికి కాస్త తక్కువ. రష్యా మీద ఆంక్షలతో తూర్పు నుంచి వచ్చే బొగ్గు రైళ్లు ఆగిపోయి రేవు ఆదాయం పడిపోయింది. స్ట్రూగల నాటి నుంచీ తూర్పు సరుకును పడమరకు దాటించి బతికిన ఊరు ఇప్పుడు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతోంది. తాలిన్ నుంచి పోలండ్ సరిహద్దు దాకా 870 కిలోమీటర్ల రైల్ బాల్టికా వేస్తున్నారు. రష్యా పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, దీని వెడల్పు యూరప్ లెక్కన 1,435. దీనికోసం ఒకప్పుడు 1872 నాటి ఇనుప వంతెన ఉన్న దిక్కునే దౌగవలో కొత్త స్తంభాలు దిగాయి. ఖర్చు అంచనాలు దాటిపోవడంతో, అసలు రైలు ఊరి నడుమకు రావాలా, శివారు చుట్టూ పోతే చాలదా అని పార్లమెంటులో జోరుగా వాదించుకున్నారు.

వచ్చే భాగంలో దక్షిణానికి, ప్రెగెల్ నదిమీది కోనిగ్స్‌బర్గ్‌కు. అక్కడ ఊరి పేరుతోపాటు జనం మొత్తం మారిపోయారు.